గోధుమరంగు కోటుకి వెళ్ళిన డబ్బు

మా పెద్దమ్మని వీధిలో అందరూ గుండీలమ్మ అంటారు. చిరుగులు కుట్టడం, పొడుగైనవి కురచ చేయడం, బిగుతైనవి వదులు చేయడం ఆమె పని. కానీ ఎవరు ఏ పని మీద వచ్చినా, వాళ్ళ ఒంటి మీద వదులైన గుండీ ఒకటి కనబడిందంటే దాన్ని బిగించకుండా కదలనివ్వదు. చొక్కా విప్పనక్కర్లేదు. మనిషి నిలబడి ఉండగానే సూది గుచ్చి, దారం నాలుగు చుట్లు చుట్టి, పంటితో తెంపేస్తుంది. "కాస్త ఊపిరి బిగబట్టు నాయనా, గుచ్చుకుంటే మళ్ళీ నన్నంటావు," అంటుంది. ఆ పనికి డబ్బు తీసుకోదు. తీసుకోమని బలవంతం చేస్తే, "గుండీకి కూడా పుచ్చుకుంటే రేపట్నించి పలకరింపుకి కూడా రేటు పెట్టాలి," అని తోసేస్తుంది.

ఆమెది కొట్టు అనడం కాస్త పెద్ద మాటే. నాలుగంతస్తుల మేడలో మెట్ల కింద మిగిలిపోయిన మూల అది. ఒక మిషను, ఇస్త్రీ బల్ల, రెండు స్టూళ్ళు వేస్తే ఇక గాలి కూడా పక్కకి తిరిగి రావాలి. పైనుంచి ఎవరు దిగినా నెత్తిన దుమ్ము రాలుతుంది. తెల్లబట్ట పని ఉన్న రోజు పైన అడ్డంగా పాత దుప్పటి కడతాం. పట్టపగలు కూడా బల్బు వెలగాల్సిందే.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. ఇంట్లో చిన్నవాళ్ళని చూసుకునే పని తగ్గాక అమ్మ నన్ను పెద్దమ్మ దగ్గర పెట్టింది. నలుగురు ఉన్నచోట నాకు గొంతు పెగలదు. మొదటి రోజే పెద్దమ్మ అది కనిపెట్టి, "మాట్లాడకపోతే మానె. చూస్తూ ఉండు. ఈ పనిలో సగం చూపే," అంది. అప్పటినుంచి చూస్తూనే ఉన్నాను.

పెద్దనాన్న పోయాక ఆమె బట్టల ఫ్యాక్టరీలో చేరింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చొక్కాలకి కాజాలు కుట్టడమే. అక్కడ మనిషిని పిలవాలంటే మిషను నంబరుతో పిలిచేవారట. ఫ్యాక్టరీ మూతపడిన రోజు, యజమానులు తమ చేతిలో డబ్బు లేదని, ఆఖరి జీతానికి బదులు పాత మిషన్లు తీసుకుపొమ్మన్నారు. మిగతావాళ్ళు గేటు దగ్గర గొడవ పడుతుంటే ఈవిడ తోపుడు బండి మాట్లాడుకొచ్చి, తను కూర్చున్న మిషనునే ఎక్కించుకుని వచ్చేసింది. "నన్ను పిలిచింది దీని నంబరుతోనే కదా, దీన్ని వాళ్ళకెందుకు వదలాలి," అంటుంది ఇప్పటికీ.

ఆమెకి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, బట్ట తెచ్చినవాళ్ళ పేరు అడగదు. నడుము దగ్గర వదులు చేయమని వచ్చే మనిషి అప్పటికే సిగ్గుతో సగం అయిపోయి ఉంటాడు, పేరు కూడా చెప్పి వేలిముద్ర వేసి వెళ్ళాలా అంటుంది. రెండోది, బట్టలో ఏముందో బయటికి చెప్పదు. జేబులో దొరికింది జేబులోకే వెళ్తుంది. ఎవరి కోటు మడతలో ఏ ఫొటో ఉందో, ఏ గౌను లోపల ఎన్ని సార్లు కుట్లు విప్పారో ఆమెకి తెలుసు, సూదికి తెలుసు. ఇప్పుడు నాకూ కొంత తెలుసు.

అందుకే ఆమె ఫోన్‌లో మనుషులు లేరు, బట్టలున్నాయి. "పూల గౌను", "జిప్పు ఊడే సంచి", "మోకాలు చిరిగిన ప్యాంటు", "పెళ్ళి సూటు". అక్షరాలు కూడబలుక్కుని తనే రాసుకుంది. పెళ్ళి సూటు గారి పెళ్ళి ఎప్పుడో ఆగిపోయింది. సూటు మాత్రం ఏడాదికోసారి తెచ్చి వదులు చేయించుకుంటాడు. ఎందుకని పెద్దమ్మ అడగదు.

ఫోన్‌లో డబ్బు రావడం మొదలైన కొత్తలో ఆమె ససేమిరా అంది. "కంటికి కనబడని డబ్బు డబ్బెలా అవుతుందే," అంది. తర్వాత తనే మారింది. అంతకుముందు, చిన్న అంచు కుట్టించుకున్నవాళ్ళు పెద్ద నోటు తీసేవారు. చిల్లర ఉండేది కాదు. "రేపిస్తాలే గుండీలమ్మా," అని వెళ్ళేవారు. ఆ రేపు రావడానికి కాళ్ళుండేవి కావు. ఇప్పుడు సూది దిండులోకి వెళ్ళేలోగా ఫోన్ మోగుతోంది. ఇంట్లోంచి కదల్లేని ముసలావిడ పక్కింటి వాళ్ళతో బట్ట పంపి, మంచం మీంచే డబ్బు పంపుతోంది.

ఇంకో మేలు కూడా జరిగింది. అది నేను గమనించిందే. డబ్బు రేకు డబ్బాలో ఉన్నన్నాళ్ళూ దాని మూత చప్పుడు చుట్టాలకి ఎంత దూరంలో ఉన్నా వినబడేది. మా బాబాయికి మరీను. అలా వచ్చి స్టూలు మీద కూర్చుని, "వదినా, నీ ఆరోగ్యం ఎలా ఉంది," అనేవాడు. ఆరోగ్యం అడిగాడంటే డబ్బా మూత తీయాల్సిందే. ఫోన్‌లో డబ్బుకి మూత లేదు, చప్పుడు లేదు. బాబాయి ఒకటి రెండు సార్లు వచ్చి, ఖాళీ డబ్బాలో దారపు ఉండలు చూసి, ఆరోగ్యం అడగకుండానే వెళ్ళిపోయాడు. అలా పెద్దమ్మ దగ్గర జన్మలో మొదటిసారి నాలుగు డబ్బులు నిలిచాయి.

అవి నిలవడం మంచిదే అయింది. ఎందుకంటే నల్లబట్ట మీద నల్లదారం ఆమెకి కనబడటం మానేసింది. మొదట దాచిపెట్టింది. నల్ల ప్యాంట్లు నా వైపు తోసి, "నువ్వు నేర్చుకో," అనేది. తర్వాత ముదురు నీలం కూడా తోయడం మొదలుపెట్టింది. కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన అద్దాలు మార్చి, "కళ్ళు బాగానే ఉన్నాయమ్మా. నువ్వు కూర్చునే చోటే బాలేదు. పగటి వెలుతురులో కూర్చో. బల్బు కింద ఇలాగే కుడితే ఇంకో రెండేళ్ళకి సూది పక్కన పెట్టాలి," అన్నాడు. సూది పక్కన పెట్టిన పెద్దమ్మ ఎలా ఉంటుందో నేను ఊహించబోయి మానేశాను.

మాకు సరిగ్గా ఎదురుగా, వీధి మూలన, ఒక గది ఉంది. రెండు వైపులా అద్దాల కిటికీలు. పొద్దున ఒక వైపు నుంచి, మధ్యాహ్నం ఇంకో వైపు నుంచి ఎండ లోపలికి వస్తుంది. ఆ గది సొంతదారు అందులోనే ఫొటోలకి పటాలు కట్టేవాడు. మేం పటాలాయన అంటాం. ఆయన చేతులు వణకడం మొదలై, అద్దం కోయలేక, కొట్టు ఎత్తేసి చెల్లెలి ఊరికి వెళ్ళిపోతున్నాడు. గది అద్దెకిస్తానని తెలియగానే పెద్దమ్మ వెళ్ళి అడిగింది. ఫోన్ల కవర్లు అమ్మే ఆయన కూడా అడిగాడు.

"నువ్వయితే నాకు సంతోషమే," అన్నాడు పటాలాయన. "కానీ రేపు సాయంత్రం వ్యాను వస్తుంది. మళ్ళీ ఈ ఊరు వచ్చే ఓపిక నాకు లేదు. వ్యాను కదిలేలోగా అడ్వాన్సు ఎవరిది అందితే తాళం వాళ్ళది. తర్వాత నన్ననుకోవద్దు."

"రేపు సాయంత్రం దాకా ఎందుకు, మధ్యాహ్నానికే పంపుతా," అంది పెద్దమ్మ.

అన్నట్టే మర్నాడు మధ్యాహ్నం ఫోన్ తీసింది. అప్పుడు స్టూలు మీద ఒకాయన, ప్యాంటుకి ఒక కాలు మడిచి పిన్నులు గుచ్చించుకుని నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ నోట్లో ఇంకో రెండు పిన్నులున్నాయి. ఒక చేత్తో టేపు పట్టుకుని, ఇంకో చేత్తో పేరు వెతికింది. పటాలాయన ఒకసారి గోధుమరంగు కోటుకి లైనింగు వేయించుకున్నాడు. అందుకని ఆయన ఆమెకి "గోధుమరంగు కోటు". ఆ పేరుతో ఇద్దరున్నారు. పైనున్నదాన్ని నొక్కింది.

ఇలాంటి పొరపాటు జరక్కూడదనే, డబ్బు వెళ్ళేముందు ఎవరికి వెళ్తోందో బ్యాంకులో ఉన్న వాళ్ళ పేరు తెర మీద చూపిస్తారు. పేర్లు తెలిసినవాళ్ళకి అది పనికొస్తుంది. మా పెద్దమ్మ ఆ పేరు చదివి, నోట్లో పిన్నులు తీసి, "ఓహో, పటాలాయన పేరు ఇదన్నమాట. బాగుంది," అంది. పిన్ నంబరు కొట్టింది. వెళ్ళింది.

ఎదురుగా కొట్టులో ఉన్న పటాలాయనకి చెయ్యి ఊపింది. ఆయన కూడా చెయ్యి ఊపాడు.

కాసేపయ్యాక తాళం తెమ్మని నన్ను పంపింది. పటాలాయన అట్టపెట్టెలో గడ్డి దూరుస్తున్నాడు. "ఏ తాళం? డబ్బు ఇంకా రాలేదు కదమ్మా," అన్నాడు.

"పంపింది," అన్నాను.

"చెయ్యి ఊపింది, నిజమే. డబ్బు మాత్రం రాలేదు."

నేను వెనక్కి పరిగెత్తుకొచ్చి ఫోన్ చూశాను. వెళ్ళిన నంబరు వేరు. రెండో గోధుమరంగు కోటు ఎవరిదో పెద్దమ్మకి వెంటనే గుర్తొచ్చింది. ఒక బస్సు డ్రైవరుది. ఏడాది కిందట వచ్చాడు, మళ్ళీ రాలేదు. ఆమె స్టూలు మీద కూర్చుంది. ఆమె దాచినదంతా అదే.

ఆ నంబరుకి ఫోన్ చేసింది. డ్రైవరు కాదు, ఒక ఆడగొంతు పలికింది.

"నేను గుండీలమ్మనండీ, మెట్ల కింద కుట్టేదాన్ని," అంది పెద్దమ్మ. "మీ గోధుమరంగు కోటు నేనే కుట్టాను. అమ్మా, పొరపాటున మీ ఖాతాకి డబ్బు పంపేశాను."

"ఆగాగు," అంది ఆవిడ. "పొరపాటున పంపావు. ఇప్పుడు తిరిగి పంపమంటావు. పిల్లల ఫీజా, ఆపరేషనా?"

"రెండూ కాదు. గది అడ్వాన్సు."

"ఇది కొత్తది. ఇంతవరకూ వినలేదు. చూడమ్మా, పోయిన ఏడు ఒకడు ఇలాగే ఏడిస్తే మా ఆయన కరిగిపోయి, నెల జీతం తిప్పి పంపాడు. వాడు పంపింది ఉత్త మెసేజు. మా ఆయన పంపింది డబ్బు. అప్పట్నించి ఫోన్ నా దగ్గరే ఉంటోంది. ఏడవాలనుంటే ఏడువు. నేను మాత్రం కరిగే రకం కాదు."

పెట్టేసింది.

నాకు ఏడుపొచ్చింది. పెద్దమ్మ మాత్రం ఫోన్ వైపు చూస్తూ, "మంచి ఇల్లాలు. నేనైనా ఇలాగే తిట్టేదాన్ని," అంది.

పిన్నుల ప్యాంటాయన్ని సాయంత్రం రమ్మని పంపేసి, వీధి చివర బ్యాంకుకి వెళ్ళాం. కౌంటరులో అమ్మాయి మొత్తం విని, ఫిర్యాదు రాసుకుంది. "వాళ్ళ బ్యాంకుకి మేం రాస్తాం. వాళ్ళు ఒప్పుకుంటే తిరిగొస్తుంది. కొన్ని రోజులు పడుతుంది."

"ఒప్పుకోకపోతే?"

"కష్టమేనమ్మా. పిన్ మీరే కొట్టారు, మీ చేత్తోనే పంపారు." ఆ అమ్మాయి కాస్త ముందుకి వంగింది. "ఒక మాట చెప్తాను. తిరిగి పంపమని వాళ్ళని బతిమాలకండి. మోసగాళ్ళు కూడా అచ్చం అలాగే బతిమాలతారు. మీరు ఎంత బతిమాలితే వాళ్ళకి అంత భయమేస్తుంది."

బయటికొచ్చి, బ్యాంకు అరుగు మీదే నిలబడి, పెద్దమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. ఎత్తదనుకున్నాను. ఎత్తింది.

"మళ్ళీ నువ్వేనా?"

"నేనే. అమ్మా, మీరు డబ్బు పంపొద్దు. ఎవరడిగినా పంపొద్దు, నేనడిగినా పంపొద్దు. మెసేజు నమ్మొద్దు. మీ బ్యాంకుకి వెళ్ళి ఖాతాలో నిజంగా వచ్చిందో లేదో చూసుకోండి. వచ్చి ఉంటే అలాగే ఉంచండి. బ్యాంకువాళ్ళు అడిగినప్పుడు సరే అనండి. అంతే."

"పంపొద్దని చెప్పడానికి ఫోన్ చేశావా?"

"అవునమ్మా."

"సరే. నువ్వే కుట్టి ఉంటే, ఆ కోటులో ఏం కుట్టావో చెప్పు చూద్దాం."

ఆ కోటు వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. కోటు చేతులు స్టీరింగుకి తగులుతున్నాయని కురచ చేయమన్నాడు డ్రైవరు. తర్వాత చుట్టూ చూసి, గొంతు తగ్గించి, ఎడమవైపు లైనింగు లోపల బయటికి కనబడకుండా చిన్న జేబు కుట్టమన్నాడు. డాక్టరు తీపి మానేయమన్నాడట, ఆయనకేమో స్టీరింగు ముందు కూర్చుంటే నోట్లో పిప్పరమెంటు ఉండాలట. "మా ఆవిడకి తెలిస్తే ఆ జేబులోనే నన్ను పెట్టి కుట్టేస్తుంది," అన్నాడు. ఆ జేబు సంగతి ప్రపంచంలో ముగ్గురికే తెలుసు. దాన్ని చెప్తే ఇంకేం రుజువు కావాలి? పెద్దమ్మ చెంగు పట్టుకుని లాగాను. ఆమె నా చెయ్యి విడిపించుకుంది.

"చేతులు కురచ చేశాను," అంది ఫోన్‌లో. "కోసేయలేదు, లోపలికి మడిచాను. మిగతాది తొడుక్కునే ఆయన్ని అడగండి."

"మిగతాది అంటే?"

"మిగతాది ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే మిగతాది అని ఎందుకన్నావు?"

"నోరు జారింది."

ఆవిడ ఫోన్ పెట్టేసింది.

దారిలో నేను ఉండబట్టలేకపోయాను. "ఒక్క మాట చెప్తే నమ్మేది కదా పెద్దమ్మా."

"నమ్మేది. ఆ తర్వాత ఆయన ఇంట్లో రోజూ జరిగే గొడవకి నువ్వెళ్తావా?"

"గది పోతుంది."

"పోతే పోనీ," అంది. కానీ మెట్ల కిందకి వచ్చి సూదిలో దారం ఎక్కించబోతే మూడుసార్లు తప్పింది. నాకివ్వలేదు. నాలుగోసారికి తనే ఎక్కించుకుంది.

వ్యాను వచ్చింది. పటాలాయన సామాను ఒక్కొక్కటే ఎక్కుతోంది. ఫోన్ కవర్లాయన కూడా వచ్చాడు. చేతిలో లావుపాటి కవరు, దాన్నిండా నోట్లు. వ్యాను కదిలేటప్పుడు తీసుకుంటానని పటాలాయన అనడంతో, టేపు తీసి గోడలు కొలవడం మొదలుపెట్టాడు. పటాలాయన మా మెట్ల వైపు చూశాడు. పెద్దమ్మ తల వంచుకుని కుడుతోంది. ఆయన వ్యాను వాళ్ళతో, "ఆ తాడు వదులుగా ఉంది, విప్పి మళ్ళీ కట్టండి," అన్నాడు. వాళ్ళు విప్పి కట్టారు. "అద్దాలు అడుగున పెట్టారేమిటి, పగిలిపోవూ, దించండి," అన్నాడు. దించారు. ఆ సామానులో అసలు అద్దాలే లేవు, ఉన్నవి ముందు రోజే అమ్మేశాడు. దించినవి ఉత్త చెక్క ముక్కలు. వ్యాను డ్రైవరు గొణుక్కుంటున్నాడు.

అప్పుడు ఒక పొడుగాటి ఆవిడ మా మెట్ల ముందు ఆగింది. చంకలో సంచి.

"గుండీలమ్మ ఎవరు?"

పెద్దమ్మ లేచి నిలబడింది. ఆవిడ సంచిలోంచి గోధుమరంగు కోటు తీసి ఇస్త్రీ బల్ల మీద పరిచింది. కోటు చెయ్యి తిరగేసి లోపలి మడత చూసింది. మా మిషను మీదున్న ప్యాంటు మడత కూడా ఎత్తి చూసింది. రెండు కుట్లూ పక్కపక్కన పెట్టి చూసింది. అప్పుడు స్టూలు లాక్కుని కూర్చుంది.

"బ్యాంకుకి వెళ్ళొచ్చాను," అంది. "నిజంగానే వచ్చింది. ఇంకొకళ్ళ డబ్బు మా ఖాతాలో కూర్చుంటే నాకు ముద్ద దిగదు. అయితే ముందు ఇది తేలాలి." లైనింగు లోపల వేళ్ళు పెట్టి, తడుముకోకుండా, ఒక పిప్పరమెంటు తీసి బల్ల మీద పెట్టింది. "మిగతాది ఇదేనా?"

పెద్దమ్మ సూది దిండు వైపు చూస్తూ, "ఏమో అమ్మా, నాకేం తెలుసు," అంది.

"నీకు తెలియదు. కుట్టింది దెయ్యం." ఆవిడ పెదాలు బిగబట్టుకుంది గానీ నవ్వు కళ్ళలోంచి బయటపడింది. "కోటు ఉతికేది ఎవరనుకుంటున్నాడో మా ఆయన. ఆయన ఎన్ని పెట్టుకుంటే నేను అందులో సగం తీసేస్తుంటా. ఎలక తింటోందని బోను కూడా కొన్నాడు."

పెద్దమ్మ కూడా ఇక ఆపుకోలేకపోయింది. ఇద్దరూ నవ్వారు. నేను పైకి నవ్వలేదు, నవ్వు ఆపుకుని ఆపుకుని కడుపునొప్పి వచ్చింది.

"ఫోన్‌లోనే ఈ జేబు సంగతి చెప్పి ఉంటే అక్కడే నమ్మి డబ్బు పంపేసేదాన్ని," అంది ఆవిడ. "పంపేసి, మళ్ళీ జన్మలో నీ గడప తొక్కేదాన్ని కాదు. మొగుడి గుట్టు ఫోన్‌లో ఊరికే చెప్పేసే మనిషి రేపు నా గుట్టు చెప్పదని ఏముంది? నువ్వు చెప్పలేదు. అందుకే లేచి వచ్చాను."

వ్యాను ఇంజను మోగింది. నేను వీధి వైపు చూశాను. పెద్దమ్మ కూడా చూసింది.

"ఆ గదేనా?" అంది ఆవిడ. "ఫోన్ తియ్యి. తొందరపడితే మళ్ళీ తప్పవుతుంది, పద్ధతిగా చేద్దాం."

రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టింది. డబ్బు వెళ్ళినప్పుడు వచ్చే పొడుగాటి నంబరు మా ఫోన్‌లోంచి నన్ను చదవమంది. నేను చదివాను. తన ఫోన్‌లో ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టుకుంటూ వింది. అన్నీ కలిశాయి. తర్వాత పెద్దమ్మ నంబరు కొట్టి, తెర మీద వచ్చిన పేరు పైకి చదివి, "ఇది నీ పేరేనా?" అంది.

ఆ పేరు ఆ మెట్ల కింద ఎవరూ ఎప్పుడూ పలకలేదు. మా అమ్మ కూడా అక్క అనే అంటుంది. పెద్దమ్మ ఎవరో వెనకనుంచి పిలిచినట్టు చూసి, "నాదే," అంది.

ఆవిడ ముందు చాలా కొంచెం పంపింది. "వచ్చిందా? మెసేజు కాదు, బ్యాలెన్సు చూడు." వచ్చింది. అప్పుడు మిగతాదంతా పంపింది.

పెద్దమ్మ చెప్పులు వేసుకోకుండా వీధి దాటింది. వెనక మేమిద్దరం. పటాలాయన అప్పటికి తాడు మూడోసారి కట్టించి, ఇక చెప్పడానికేమీ దొరక్క, వ్యాను చుట్టూ తిరుగుతున్నాడు.

"మీ పేరేంటండీ?" అంది పెద్దమ్మ.

ఆయన ఆగాడు. "నా పేరా? ఇన్నేళ్ళు ఎదురుగా కూర్చుని, వెళ్ళిపోయే రోజున అడుగుతున్నావా?"

"అప్పుడు అవసరం రాలేదు. చెప్పండి."

చెప్పాడు. కొత్తగా బళ్ళో చేరినవాడిలా నిలబడి, ఇంటిపేరుతో సహా చెప్పాడు. పెద్దమ్మ తెర మీద పేరు అక్షరం అక్షరం చదివి, సరిచూసుకుని, ముందు చాలా కొంచెం పంపింది. ఆయన ఫోన్ మోగింది.

"వచ్చింది," అన్నాడు.

"మెసేజు కాదండీ, బ్యాలెన్సు చూడండి," అంది డ్రైవరు గారి భార్య వెనకనుంచి.

"ఈవిడెవరు?"

"గోధుమరంగు కోటు," అంది పెద్దమ్మ. మిగతాదంతా పంపింది.

పటాలాయన కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి తాళం తీసి ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూశాడు. "నా చేతులు సరిగ్గా ఆడితే నీకు తలుపు నేనే తీసి ఇచ్చేవాణ్ణి," అన్నాడు.

కవర్లాయన టేపు చుట్టుకుంటూ బయటికొచ్చాడు. "నోట్లు చేత్తో పట్టుకుని ఇక్కడ నేను నిలబడ్డాను. గాలిలో తిరిగొచ్చిన డబ్బు నన్ను దాటేసింది," అన్నాడు. కోపం లేదు, కాస్త దిగులుంది. పోతూ పోతూ కిటికీ కొలత పెద్దమ్మకి చెప్పి వెళ్ళాడు. పరదాకి పనికొస్తుందని.

బ్యాంకుకి వెళ్ళి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాక, కౌంటరులో అమ్మాయి, "ఇకనుంచి పేరు సరిచూసుకుంటారా?" అని అడిగింది.

"పంపేటప్పుడు చూసుకుంటా," అంది పెద్దమ్మ. "తీసుకునేటప్పుడు మాత్రం అడగను. బట్ట బట్టే." అలాగే చేస్తోంది. ఎవరికైనా డబ్బు పంపాల్సి వస్తే వాళ్ళని అడిగి, బట్ట పక్కన పేరు రాసుకుంటుంది. ముందు కొంచెం, తర్వాత మొత్తం.

కానీ అదంతా మర్నాటి సంగతి. ఆ సాయంత్రం వ్యాను మలుపు తిరగగానే పెద్దమ్మ ఒక్క క్షణం ఆగలేదు. రేపు మార్చుకుందామన్నాను. వినలేదు. పిన్నుల ప్యాంటాయన అప్పుడే వచ్చాడు. ఆయనా నేనూ మిషనుకి చెరో పక్క, డ్రైవరు గారి భార్య నెత్తిన స్టూళ్ళు, మెట్ల మీంచి దిగుతున్నవాళ్ళు తలా ఒక దారపు డబ్బా. వీధి మధ్యకి వచ్చేసరికి రెండు వైపులా బళ్ళు ఆగాయి. ఎవరో హారను కొట్టారు. పెద్దమ్మ అటు తిరిగి, "కాస్త ఆగు నాయనా, మేం మళ్ళీ మళ్ళీ దాటం," అంది. ఇస్త్రీ బల్ల గుమ్మంలో ఇరుక్కుంటే పక్కకి వంచి తోశాం.

పెద్దమ్మ మిషనుని రెండు కిటికీల మధ్య పెట్టించింది. నచ్చలేదు. కుడివైపుకి జరిపించింది. కూర్చుని చూసింది. లేచి ఎడమవైపుకి జరిపించింది. మోసినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఎండ చేతుల మీద పడుతూ కళ్ళలో పడని చోటు దొరికింది. మా ముగ్గురి ముందూ ఆమె కొత్తగా వచ్చిన అద్దెమనిషిలా కాకుండా, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు కూర్చుంది.

గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. చేతిలో పెద్ద ఫొటో, కాగితంలో చుట్టి ఉంది.

"ఇక్కడ పటాలు కట్టేవారు కదండీ?"

"కట్టేవారు," అంది పెద్దమ్మ. "వెళ్ళిపోయారు. ఈ గది ఇప్పుడు నాది. నేను కుడతాను. కుట్టించుకునేది ఏమన్నా ఉంటే లోపలికి రండి, బాగా వెలుతురుంది."